అక్క మైకు ఆపేసిన రోజు

మా బావని ఊళ్ళో అందరూ మైకాయన అంటారు. నేను మైకు బావ అంటాను, అదీ మొహం మీదే. ముప్పై రెండేళ్ళుగా టౌన్‌హాల్లో ఏ సభ జరిగినా మైకు పెట్టేది ఆయనే. నా జిరాక్స్ కొట్టు హాలుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అందుకని ఆయన పొద్దున్నే వచ్చి తాళం తియ్యడం, వైర్ల దుమ్ము దులపడం, ఖాళీ కుర్చీలకేసి తిరిగి "హలో, ఒకటి, రెండు, మూడు" అనడం, అన్నీ నా కళ్ళముందే జరుగుతాయి. ఇన్నేళ్ళలో ఆయన మైకులో మాట్లాడింది ఆ మాటలే. "మీ ఆయనకి నాలుగు వచ్చా అసలు?" అని అక్కని ఏడిపించేదాన్ని. "ఇంట్లో ఆ మూడూ కూడా లేవే తల్లీ," అనేది అక్క.

అంతటి నోట్లో నాలుక లేని మనిషి. కానీ పనిలో కూచుంటే వేరే మనిషి. స్టేజీకి ఎడమ పక్కన చిన్న బల్ల, దాని మీద ఆంప్లిఫయరు, పక్కనే ఓ పాత బిస్కెట్ల డబ్బాకి బిగించిన మూడు దీపాలు. ఆ డబ్బా ఆయన సొంత తయారీ. జనం మాట్లాడే సభల్లో మనిషికి మూడు నిమిషాలు. మాట్లాడుతున్నంతసేపూ పచ్చ దీపం, ఇంకో అరనిమిషం ఉందనగా పసుపు, ఆ తర్వాత ఎరుపు. ఎరుపు వెలిగిన క్షణంలోనే బావ వేలు మీట దించేస్తుంది. ఇంకొక్క సెకను కూడా ఇవ్వడు. ఎరుపు వెలగ్గానే జనం చప్పట్లు కొట్టి మాట్లాడినవాళ్ళని సాగనంపడం మా హాలు అలవాటు. మున్సిపల్ ఛైర్మన్‌ని అలాగే ఆపేశాడు. రోడ్డు వెడల్పు గొడవలో సొంత అన్ననీ ఆపేశాడు. ఆ అన్న రెండేళ్ళు గడప తొక్కలేదు. "మైకుకి మనవాళ్ళూ పరాయివాళ్ళూ ఉండరు," అనేవాడు బావ. ఊరంతా ఆ మాటని నెత్తిన పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఆయన గురించి ఇంకోటి చెప్పాలి. బావ మాటలు వినడు, శబ్దం వింటాడు. సభ అయ్యాక "ఏం మాట్లాడారు బావా?" అని అడిగితే, "మొదటాయన మైకు మింగేసేట్టున్నాడు. రెండో ఆవిడ తల తిప్పినప్పుడల్లా గొంతు జారిపోయింది. మధ్యలో కాసేపు గుయ్యిమంది, సర్దాను," అంటాడు. ఇంతకీ ఏం మాట్లాడారయ్యా అంటే బుర్ర గోక్కుంటాడు. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం.

వాళ్ళకి ఒక్కడే కొడుకు. గుమ్మం తలకి తగలకుండా ఇంట్లోకి రాలేనంత పొడుగు, పేరు మాత్రం బుడ్డోడు. చిన్నప్పుడు పెట్టింది అలా ఉండిపోయింది. తండ్రి దగ్గరే వైర్ల పని నేర్చుకుని సైన్యంలో చేరాడు, అక్కడ కూడా వైర్ల పనే. సరిహద్దు నది ఒడ్డున వాడి దళం ఉండేది. ఓ తెల్లవారుజామున అవతలి ఒడ్డు నుంచి ఫిరంగులు పేల్చారు. మనవాళ్ళు పంతొమ్మిది మంది పోయారు. బుడ్డోడు ఉన్న చోటుకి అది నలభై మైళ్ళు. ఆ సంగతి తెలిసేవరకూ మూడు గంటలు మా అక్క వాకిట్లో నిలబడే ఉంది.

ఇక అక్కణ్ణుంచి దేశమంతా ఒకటే మాట. నది దాటాలా, వద్దా? దాటితే ఎంతవరకు? అవతలి ఒడ్డున ఉన్న ఊరిని పట్టుకోవాలంది ప్రభుత్వం. ఫిరంగులు ఆ ఊళ్ళోంచే పేల్చారని, జనాన్ని ఎప్పుడో ఖాళీ చేయించారని, అక్కడున్నది శత్రు సైన్యమేనని రోజూ రేడియోలో చెప్పేవాళ్ళు. రాజధానిలో చట్టసభ ఓటు వెయ్యాలి. సభలో అటూ ఇటూ సరిసమానంగా ఉన్నారు. మా ఊరి ప్రతినిధి ఎటూ తేల్చలేదు. ఆయన ఎటు వెళ్తే అటు వెళ్ళడానికి ఇంకో ముగ్గురు కాచుకుని ఉన్నారన్నారు. "నా ఊరి మాట విని ఓటేస్తాను," అని ఆయన ప్రకటించాడు. గురువారం మధ్యాహ్నం టౌన్‌హాల్లో సభ. ఓటు శనివారం.

నా కొట్టుకి ఆ వారం ఊపిరి సలపలేదు. వెళ్ళాలనే వాళ్ళ కరపత్రాలు, వద్దనే వాళ్ళ కరపత్రాలు, రెండూ నా మిషన్లోంచే. ఓ పూట ఇద్దరూ ఒకేసారి వచ్చి లైన్లో నిలబడి అక్కడే మొదలెట్టారు. "మీ గొడవ హాల్లో పెట్టుకోండి, నా కాగితాలు నలిగిపోతున్నాయి," అని కసిరాను. లోపల మాత్రం నా ధ్యాసంతా బుడ్డోడి మీదే. వాడి దళాన్ని అప్పటికే ఆ ఊరికి ఎదురుగా తెచ్చి పెట్టారు. నది దాటాల్సి వస్తే ముందు దాటేది వాళ్ళే.

బుధవారం అక్క నా దగ్గరికొచ్చింది. కొట్టు తలుపు దగ్గరగా వేసి, సంచిలోంచి ఓ ఉత్తరం తీసింది. పోస్టులో వచ్చింది కాదు. పోస్టులో వచ్చేవి సైన్యం విప్పి చూస్తుంది. సెలవు మీద వచ్చిన ఓ సైనికుడు జేబులో పెట్టుకుని తెచ్చిచ్చాడు. బుడ్డోడి రాత. దుర్భిణి పెట్టి అవతలి ఒడ్డు చూస్తున్నానని రాశాడు. "ఊరు ఖాళీ అని మాకు చెప్పారమ్మా. ఖాళీ కాదు. సాయంత్రం బట్టలు ఆరేస్తున్నారు. చిన్న చిన్న బట్టలు కూడా. నిన్న ఒకావిడ దుప్పటి దులిపింది. ఈ సంగతి పై ఆఫీసరుకి చెప్పాను. నీ పని నువ్వు చూసుకో అన్నాడు. నాన్నకి చెప్పు, నాకు నిద్ర పట్టడం లేదని."

నేను రెండుసార్లు చదివాను. "బావ చూశాడా?"

"చూశారు. బయట పెట్టొద్దన్నారు. వాణ్ణి జైల్లో వేస్తారే అన్నారు. సభలో మాట్లాడినా ఉత్తరం తీసుకెళ్ళనని నేనూ మాటిచ్చాను." అక్క ఉత్తరాన్ని మడిచి మళ్ళీ విప్పింది. "కానీ తీసుకెళ్తానే. పేరు ఇచ్చొచ్చాను. పదకొండో నంబరు. అక్కడ మనుషులున్నారని తెలిస్తే ప్రతినిధి అవునని ఓటెయ్యడు. ఎలా వేస్తాడు? చెప్పు."

అప్పుడు నేనో సలహా ఇచ్చాను. ఆ సలహా సంగతి తర్వాత చెప్తాను.

గురువారం హాలు కిక్కిరిసిపోయింది. కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. ప్రతినిధి పైన స్టేజీ మీద కూచున్నాడు. మాట్లాడేవాళ్ళకి కింద, మొదటి వరస ముందు మైకు. నేను మూడో వరసలో ఉన్నాను.

ముందు రిటైరైన హెడ్‌మాస్టర్ లేచాడు. ఊళ్ళో సగం మందికి చదువు చెప్పినాయన. "పంతొమ్మిది మందిని చంపితే మనం సభలు పెట్టుకుంటున్నాం. రేపు ఇంకో పంతొమ్మిది మందిని చంపుతారు. అప్పుడూ సభే పెడదామా? చంపినవాడికి ఏమీ కాకపోతే, అది శాంతి అనిపించుకోదు. వాడికి మనమిచ్చిన అలుసు అది," అన్నాడు. ఎరుపు, చప్పట్లు.

ఆసుపత్రి నర్సు వచ్చింది. "నాకు ఒక్కటే అర్థం కావడంలేదు. దేనికి వెళ్తున్నాం? సోమవారం ఫిరంగులు లాక్కోడానికన్నారు. మంగళవారం ఊరు పట్టుకోడానికన్నారు. ఇవాళ పొద్దున వాళ్ళ ప్రభుత్వాన్నే దించేస్తామంటున్నారు. పని ఏమిటో తెలియకుండా పని అయిపోయిందని ఎలా తెలుస్తుంది? నా దగ్గరికి మోసుకొచ్చిన కుర్రాళ్ళకి నేనేం చెప్పాలి?" ఎరుపు, చప్పట్లు.

చెక్క కాలు మీద నడిచే చెప్పుల దుకాణం ఆయన, పాత యుద్ధం చూసినవాడు, మైకుని పట్టించుకోకుండా కేకేశాడు. "ఆరు వారాలన్నారు మాకు. నాలుగేళ్ళున్నాను." మిగతా సమయమంతా ఊరికే నిలబడ్డాడు. బావ అతనికీ మూడు నిమిషాలు పూర్తిగా ఇచ్చాడు.

పదో నంబరు ఓ అమ్మాయి. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఆ పంతొమ్మిది మందిలో ఒకడి భార్య. "వద్దనేవాళ్ళు నా మొహం చూసి అనండి," అంది. హాలు అటూ ఇటూ తిరిగి చూసింది. "ఒక్కరు చాలు. నా మొహం చూసి అనండి." నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఎలా వస్తుంది? నేను కూడా తల దించుకున్నాను. ఆ నిశ్శబ్దంలో మా అక్క నంబరు పిలిచారు.

బావ లేచొచ్చి మైకు అక్క ఎత్తుకి దించాడు. అందరికీ పెట్టే మైకు కాదు అది. గుడ్డలో చుట్టి దాచుకునే మంచి మైకు, దాన్ని ఆ పూట ఆవిడ కోసమే తెచ్చి బిగించాడని నేను కనిపెట్టాను. బావ వెనక్కి వెళ్ళి కూచున్నాడు.

అక్క మొదలెట్టింది. గొంతు వణికింది. "నమస్కారమండి. మా అబ్బాయి సైన్యంలో ఉన్నాడు. మంచి పిల్లాడండి. చిన్నప్పటి నుంచీ ఎవరి జోలికీ పోడు." అలా అంటూ వెనక్కి తిరిగి ఆ అమ్మాయిని చూసింది. "అమ్మా, నీకు జరిగింది ఏ తల్లికీ..." అని మింగేసింది. మళ్ళీ మొదలెట్టింది. వాడి పొడుగు సంగతి చెప్పింది, వైర్ల పని సంగతి చెప్పింది, ఏదైనా సరే పిల్లల్ని క్షేమంగా తీసుకురమ్మంది. నేను కుర్చీ అంచున కూచుని లోపల్లోపల మొత్తుకుంటున్నాను, చెప్పవే, అసలు మాట చెప్పవే అని. బావ వంక చూశాను. తల ఓ పక్కకి వంచి, కళ్ళు ఆంప్లిఫయరులో శబ్దం చూపించే సూది మీద పెట్టి, రెండు వేళ్ళతో మీటని కాస్త కాస్త పెంచుతున్నాడు, ఆవిడ గొంతు వెనక గోడ దాకా వెళ్ళేట్టు. నిజంగానే ఆ రోజు అందరికంటే బాగా వినబడింది మా అక్క గొంతే. పసుపు వెలిగింది.

అప్పుడు అక్క సంచిలో చెయ్యి పెట్టింది. ఉత్తరం విప్పడానికి ఎంతసేపు పట్టిందో! కళ్ళజోడు పెట్టుకుంది. తలెత్తి నేరుగా ప్రతినిధి మొహంలోకి చూసింది. "మా వాడు రాశాడండి. అవతలి ఊరు ఖాళీ అంటున్నారు కదా, ఆ ఊళ్ళో..."

ఎరుపు వెలిగింది. మీట దిగింది. హాలంతా చప్పట్లు.

అక్క పెదాలు కదులుతూనే ఉన్నాయి. మూడో వరసలో ఉన్న నాకు ఒక్క మాట వినబడలేదు, స్టేజీ మీదున్న ప్రతినిధికేం వినబడుతుంది? నేను లేచి "ఆపండి, ఆవిణ్ణి చదవనివ్వండి!" అని అరిచాను. నా పక్కన ఉన్నవాళ్ళు కూడా ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు, నేను మెచ్చుకుంటున్నాననుకున్నారు కాబోలు. ఎవరో "శభాష్ మైకాయనా! సొంత పెళ్ళాం అని చూళ్ళేదు!" అన్నారు. ఆ మాటకి హాలు హాలంతా నవ్వింది. పన్నెండో నంబరు ఆయన అప్పటికే వచ్చి నిలబడ్డాడు. అక్క ఉత్తరం మడిచి పక్కకి తప్పుకుంది.

నవ్వు విన్నాక బావ తలెత్తాడు. అక్క చేతిలో కాగితం చూశాడు. అది బుడ్డోడి ఉత్తరమని అప్పుడు తెలిసింది ఆయనకి. నేనాయన మొహం చూశాను కాబట్టి చెప్తున్నాను, అప్పటిదాకా ఆయనకి తెలీదు. అయినా పన్నెండో నంబరుకి మీట ఎత్తాడు. ఇరవై ఆరో నంబరు దాకా ఎత్తుతూ దించుతూనే ఉన్నాడు. దానికి మాత్రం నేనాయన్ని ఈ జన్మకి క్షమించను.

సభ అయ్యాక "ప్రతినిధి దగ్గరికి వెళ్దాం పదవే" అని చెయ్యి పట్టుకుని లాగాను. అక్క కదల్లేదు. "నాకున్న ధైర్యమంతా అక్కడే అయిపోయిందే," అంది. మర్నాడు పొద్దున్నే నేనే బలవంతంగా తీసుకెళ్ళాను. మేం వెళ్ళేసరికి ఆయన తొలి రైలుకి రాజధాని వెళ్ళిపోయాడు.

శనివారం ముగ్గురం రేడియో ముందు కూచున్నాం. ప్రతినిధి గొంతు వచ్చింది. "మా ఊళ్ళో ఒక సైనికుడి తల్లి మాట్లాడింది. మైకు దగ్గర కూచున్నది ఆమె భర్తే. సమయం కాగానే ఆయన తన భార్య మైకు కూడా ఆపేశాడు. అంత నిష్పక్షపాతంగా రెండు వైపులా విన్నాం మేము. ఆ తల్లి కూడా వెళ్ళొద్దనలేదు. క్షేమంగా తీసుకురమ్మంది. ఆమె మాట మీద నేను అవుననే ఓటేస్తున్నాను." నాలుగు ఓట్ల తేడాతో నెగ్గింది. అక్క లేచి రేడియో కట్టేసి, పెరట్లోకి వెళ్ళి, బాత్‌రూమ్ గోడకి నుదురు ఆనించి నిలబడింది. బావ లేచి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

ఆ తర్వాత వీధిలో కనబడినవాళ్ళల్లా బావకి చెయ్యి కలిపారు. వద్దన్నవాళ్ళు, వెళ్ళాలన్నవాళ్ళు, ఇద్దరూ. "మీలాంటివాళ్ళు ఉండబట్టే," అనేవాళ్ళు. బావ ఆ చేతిని చూసుకుంటూ ఇంటికొచ్చేవాడు. అక్క ఆయనతో మాట్లాడ్డం మానేసింది. తిట్టలేదు, ఏడవలేదు. కంచం పెట్టేది, వెళ్ళిపోయేది. ఓసారి నేనుండగా బావ అన్నాడు. "గొంతు వణుకుతోందని దాని మీదే ధ్యాస పెట్టాను. నువ్వేం అంటున్నావో... చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది." అక్క విననట్టే గిన్నె తోముకుంది.

ఇంతసేపూ బావనే ఆడిపోసుకుంటున్నాను. నా సలహా సంగతి చెప్పాలిగా. బుధవారం నా కొట్లో నేనన్న మాట ఇది: "ఉత్తరం ముందే బయటికి తియ్యకే. ముందు ఊరికే తల్లిలా మాట్లాడు. దానికే కరిగితే వాడికి ముప్పు లేకుండా పని అయిపోతుంది. కరక్కపోతే ఆఖర్న తియ్యి." తెలివైనదాన్ననుకున్నాను. ఆఖరంటే ఎంతో నాకు తెలీదా? ముప్పై ఏళ్ళుగా ఆ దీపాలు చూస్తున్నదాన్ని. అక్క ఆ మాట బావకి ఇంతవరకూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నది దాటారు. బుడ్డోడి దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. రోజూ పొద్దున పదింటికి మున్సిపల్ గుమాస్తా ఒక కాగితం తెస్తాడు. పోయినవాళ్ళ పేర్లు, గాయపడ్డవాళ్ళ పేర్లు. దాన్ని నేను రెండొందల కాపీలు తియ్యాలి. గోడలకి అంటిస్తారు. అందరికంటే ముందు చూసేది నేనే అని తెలిసి అక్క తొమ్మిదిన్నరకే వచ్చి నా కొట్లో బల్ల మీద కూచుంటుంది. బావ లోపలికి రాడు. గుమ్మం బయట ఎండలో నిలబడతాడు. గుమాస్తా వస్తాడు. నేను కాగితం తీసుకుని, వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుతాను. మా వాడు లేడని తల ఊపుతాను. అక్క కళ్ళు మూసుకుంటుంది. అప్పుడు సిగ్గులేకుండా నాకు సంతోషం వేస్తుంది. ఆ కాగితంలో ఉన్న పేర్లన్నీ ఎవరో ఒకరి ఇంట్లోవే.

పన్నెండో రోజు ముప్పై నాలుగు పేర్లొచ్చాయి. మా వాడు లేడు. అవతలి ఊరివాళ్ళకి అసలు జాబితాయే లేదు. నేను మిషన్ నొక్కాను. కాగితాలు పడుతున్నాయి. అక్క గుమ్మం వైపు తిరిగింది.

"ఏమండీ," అంది. ఆ శనివారం తర్వాత అదే మొదటి పిలుపు. బావ ఉలిక్కిపడి లోపలికొచ్చాడు. "నేనా ఉత్తరం చదివుంటే ఆగేదంటారా ఇది?"

నేను మిషన్ వెనకనుంచి బావకి కళ్ళతో సైగ చేశాను. లేదని చెప్పు. ఎలాగైనా జరిగేదేనని చెప్పు. ఆ ఒక్క అబద్ధంతో నీకూ, దానికీ, నాకూ ముగ్గురికీ ఊపిరి ఆడుతుంది. బావ నా సైగ చూశాడు.

"ఆగేదే," అన్నాడు.

కాగితాలు పడడం అయిపోయింది. గుమాస్తా కట్ట తీసుకుని వెళ్ళిపోయాడు. బావ అక్కడే నిలబడ్డాడు, కూచోమని ఎవరూ అనలేదు. కాసేపటికి అక్క బల్ల పట్టుకుని లేచింది, చెప్పులు వేసుకుంది, గుమ్మం దగ్గర ఆగింది.

"రేపట్నుంచి బయట నిలబడకండి," అంది. "లోపలికొచ్చి నా పక్కన కూచోండి. ఆ పేరు వచ్చిన రోజు నేను ఒక్కదాన్నీ వినలేను."